అనసూయ టీచర్ ఆపేసిన రంగప్రవేశం

కిందటి నెల ఫ్రీమాంట్‌లో తెలిసినవాళ్ళ అమ్మాయి కూచిపూడి రంగప్రవేశానికి వెళ్ళాను. మొదట నాలుగు మాటలు చెప్పమని పిలిచారు కాబట్టి గ్రీన్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. లోపలి నుంచి మల్లెల వాసన, దాన్ని మించి నొప్పులకు రాసే బామ్ వాసన వస్తున్నాయి. అంతలో వెనక నుంచి చిన్న చప్పుడు వినిపించింది. మాత్రల అట్ట వెనక రేకు పగిలిన చప్పుడు. తిరిగి చూసేసరికి తల్లి వేళ్ళ మధ్య తెల్లటి మాత్ర కూతురి నోటి దగ్గరకు వెళుతోంది. పెదవుల రంగు చెదరకుండా ఆ అమ్మాయి నోరు గుండ్రంగా తెరిచింది.  "ఏం మాత్రమ్మా అది?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. "జ్వరం బిళ్ళే అన్నయ్యా, పొద్దున్నుంచి తలనొప్పి అంటోంది" అని ఆమె అట్ట నా చేతికిచ్చింది. చదివి చూశాను. నిజంగా జ్వరం బిళ్ళే. ఆమె నా ముఖం చూసి, "మీకేమైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. బాగానే ఉందని చెప్పి వేదిక మీదకు వెళ్ళాను. అక్కడ ఏం మాట్లాడానో ఇప్పటికీ గుర్తులేదు.

తల్లి చేతిలోంచి పిల్ల నోటికి మాత్ర వెళుతుంటే నాకు ఎందుకలా అవుతుందో చెప్పాలంటే అనసూయ టీచర్ గురించి చెప్పాలి. ఆవిడ ఈ వసంతంలో పోయారు. శాన్ రామన్‌లో తన ఇంటి గ్యారేజీలో చెక్క నేల వేయించుకుని, రెండు తరాల పిల్లలకు కూచిపూడి నేర్పారు. పుట్టింది తెనాలి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. అందరూ ఆంటీ అని పిలిచే ఈ దేశంలో తనను టీచర్ అనే పిలిపించుకున్నారు. "ఆంటీ అంటే పకోడీలు పెట్టాలి. నా దగ్గర దెబ్బలే ఉంటాయి" అనేవారు. ఆవిడ ఎవరినీ కొట్టగా నేను చూడలేదు.

నేను విజయవాడలో ఒక దినపత్రికలో చాలా ఏళ్ళు పనిచేశాను. ముందు రిపోర్టర్‌గా తిరిగి, తర్వాత డెస్కులో కూర్చున్నాను. మా ఆవిడకు శాంటా క్లారాలో ఉద్యోగం రావడంతో ఆమె వీసా మీద ఆధారపడినవాడిగా ఇక్కడికి వచ్చాను. ఉద్యోగం చేసే అనుమతి లేదు. కాబట్టి మా అమ్మాయి హాసినిని డాన్సు క్లాసుకు తీసుకెళ్ళి తీసుకురావడం నా పని అయింది. మిగతా తల్లిదండ్రులు పిల్లల్ని దింపేసి, బయట కార్లలోనే లాప్‌టాప్‌లు తెరిచి మీటింగుల్లో ఉండేవారు. నాకు మీటింగులు లేవు. ఒక రోజు లోపల కూర్చోవచ్చా అని అడిగాను. "కూర్చోండి. కాని ఫోను చూడకూడదు. చూస్తే పిల్లల్నే చూడాలి" అన్నారు. మడత కుర్చీ ఒకటి చూపించారు. అలా ఏళ్ళ తరబడి శనివారాలు ఆ కుర్చీలో కూర్చున్నాను. నేను పత్రికలో పనిచేశానని తెలిశాక నా పేరు పోయి రిపోర్టర్ గారినయ్యాను.

ఆవిడ పద్ధతి ఒకటి మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడంతా బెల్టు గజ్జెలు వచ్చాయి. కాలికి చుట్టి అదిమితే క్షణంలో అంటుకుంటాయి. ఆవిడ మాత్రం పెద్ద పిల్లలతో తాళ్ళ గజ్జెలే వాడించేవారు. వాటిని కట్టడానికి ఓపిక కావాలి. ఒక కాలికి పిల్ల తనే కట్టుకోవాలి, రెండో కాలికి టీచర్ కట్టేవారు. నేల మీద పక్కపక్కనే కూర్చుని ఇద్దరూ తలలు వంచుకుని ముడులు వేస్తుంటే, ఆ పిల్లల నోటి నుంచి వాళ్ళ అమ్మానాన్నలు కూడా ఎరగని మాటలు వచ్చేవి. ఒకరికి లెక్కల్లో బి వచ్చింది. ఒకరి స్నేహితురాలు మాట్లాడటం మానేసింది. ఒకరికి లావుగా ఉన్నానని దిగులు. టీచర్ ఒక్క ప్రశ్న వేసి, తాడు మెలిపెడుతూ ఉండిపోయేవారు.

ఒకసారి క్లాసు అయ్యాక హాసినిని కారెక్కిస్తూ నేను, "ఏమ్మా, ఇవాళ డల్‌గా ఉన్నావు, నిద్ర సరిపోలేదా? స్కూల్లో ఏమైనా అయ్యిందా? ఏం లేదులే, అలిసిపోయి ఉంటావు" అన్నాను. వెనక నుంచి టీచర్ విన్నారు. "రిపోర్టర్ గారూ, ప్రశ్నా మీదే, జవాబూ మీదే. మీ పేపర్లో రెండు పనులకీ జీతం ఇచ్చేవాళ్ళా?" అన్నారు. హాసిని పడీ పడీ నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వకుండా, "అడిగాక నోరు మూసుకోవడం కష్టమండీ. కాస్త ప్రాక్టీసు చెయ్యాలి" అని లోపలికి వెళ్ళిపోయారు.

నిత్య ఆవిడ దగ్గర పలక పట్టిన వయసు నుంచీ నేర్చుకున్న పిల్ల. హైస్కూల్లో పదకొండో తరగతి. చదువులో ముందు, డిబేట్‌లో ముందు, నాట్యంలో ఆ గ్యారేజీలో అందరికంటే ముందు. తల్లి శైలజ ఒక పెద్ద కంపెనీలో మేనేజరు, తండ్రి రవికిరణ్ ఇంజనీరు. నెమ్మదైన మనుషులు. కూతురి రంగప్రవేశం వాళ్ళింట్లో పెళ్ళికి తక్కువేమీ కాదు. హాలు ఏడాది ముందే బుక్ చేశారు. విజయవాడ నుంచి పాటగారిని, మృదంగం వాయించేవారిని రప్పించారు. నాయనమ్మ, తాతగారు వేసవి మొదట్లోనే విమానం దిగారు. తెలుగులో వ్యాఖ్యానం నన్ను చదవమన్నారు. అదే నా మొదటి ఉద్యోగం అన్నట్టు శ్రద్ధగా రాసుకున్నాను.

ఆ వేసవిలో నిత్యకు మోకాలు దెబ్బతింది. కొన్ని వారాలు మోకాలికి పట్టీ వేసుకుని కూర్చునే అభినయం చేసింది. తర్వాత ఉన్నట్టుండి ఎగిరి గంతులు వేయడం మొదలుపెట్టింది. కూర్చుని లేచేటప్పుడు కూడా ముఖంలో గీత కదలడం లేదు. కార్లలోంచి దిగి చూసిన తల్లులు, "ఎంత డెడికేషనో చూడండి" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. టీచర్ మాత్రం ఒక రోజు నాతో, "నొప్పి ఉన్న పిల్ల అడుగు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నొప్పి తగ్గిన పిల్ల అడుగూ తెలుసు. ఇది ఆ రెండిట్లో ఏదీ కాదండీ. కళ్ళు కూడా చూడండి. ఈ గ్యారేజీ చీకట్లో అందరి కంటిపాపలూ ఇంతింత విచ్చుకుని ఉంటే, దీనివి ఆవగింజల్లా ఉన్నాయి" అన్నారు. ఎందువల్ల అని అడిగాను. "తెలిస్తే మీకెందుకు చెప్తాను, దాన్నే పట్టుకుని అడుగుతాను" అన్నారు. ఒక క్షణం ఆగి, "తెలియకపోయినా అడగొచ్చు కదా" అన్నారు.

కార్యక్రమానికి ఇక రెండు వారాలే ఉన్న శనివారం మధ్యాహ్నం. మొత్తం అంశాలన్నీ వరసగా ఒకసారి చేసి చూసుకోవాలి. వాద్యకారులు సాయంత్రం వస్తామన్నారు. నా వ్యాఖ్యానం కాగితాలు టీచర్‌కు వినిపించడానికి నేను ముందే వెళ్ళాను. నిత్య వచ్చింది. ఇద్దరూ నేల మీద కూర్చుని గజ్జెలు కట్టడం మొదలుపెట్టారు. నేను కుర్చీలో నా కాగితాలు దిద్దుకుంటున్నాను.

"నిద్ర పడుతోందా తల్లీ?" టీచర్ అడిగారు.

"కొంచెం."

"తింటున్నావా?"

"ఆకలి రాదు టీచర్."

"నొప్పికి ఏం వేసుకుంటున్నావు?"

నిత్య చేతులు ఆగిపోయాయి. టీచర్ చేతులు ఆగలేదు. తాడు మెలిపెట్టి, ముడి బిగించి, ఇంకో చుట్టు తిప్పుతున్నారు. ఆ నిశ్శబ్దం నాకు భరించరానిదైంది. ఏదో ఒకటి అందించాలని నా నోరు తెరుచుకుంది. తల ఎత్తకుండానే టీచర్ నా వైపు అరచెయ్యి చూపించారు. ఆగిపోయాను. బయట ఎవరో గడ్డి కోసే యంత్రం నడుపుతున్నారు. అది ఒక చివరి నుంచి ఇంకో చివరికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"నానమ్మ టాబ్లెట్స్" అంది నిత్య.

టీచర్ ఇంకో ముడి వేశారు.

"అమ్మ ఇచ్చింది. ఫస్ట్‌లో హాఫ్. తర్వాత... నేను తీసుకున్నా. నానమ్మ బ్యాగ్‌లో చాలా ఉన్నాయి. అవి వేసుకుంటే మోకాలి పెయిన్ లేదు, టీచర్. టెస్ట్ స్ట్రెస్ కూడా లేదు. నైస్‌గా ఉంటది." గజ్జెల తాడు వేలికి చుట్టుకుంది. "ఇప్పుడు అయిపోయాయి. లేకపోతే బాడీ అంతా నొప్పి, ఫ్లూ లాగా. అందుకే వేరేది కొన్నా."

"ఎవరిచ్చారమ్మా?"

"ఫ్రెండ్ వాళ్ళ ఫ్రెండ్. ఫోన్‌లో. సేమ్ టాబ్లెట్ అన్నాడు."

"వేసుకున్నావా?"

"ఇంకా లేదు. ఇవాళ రన్‌త్రూకి ముందు వేసుకుందామని."

గజ్జెల సంచిలోంచి మడత పెట్టిన టిష్యూ కాగితం తీసి టీచర్ చేతిలో పెట్టింది. మడత విప్పితే లోపల గుండ్రటి నీలం మాత్ర ఒకటి ఉంది. అంచులు నున్నగా ఉన్నాయి, మీద అక్షరాలు అచ్చుగుద్దినట్టున్నాయి. మందుల షాపు సీసాలోంచి తీసినదానికీ దానికీ తేడా నాకు కనిపించలేదు. విజయవాడలో ఉన్నప్పుడు మత్తుమందుల వార్తలు ఎన్ని రాశానో. ముసుగులు వేసిన కుర్రాళ్ళ ఫోటోలు, సింగిల్ కాలమ్ వార్తలు, చెడు సావాసాలు అనే మాట. ప్రమాదంలో ఉన్న పిల్లలు అంటే ఎలా ఉంటారో నాకు తెలుసనే అనుకున్నాను. పట్టు పరికిణీ కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, నా ఎదురుగా కూర్చున్న పిల్లను చూస్తుంటే నేను రాసిన వార్తల్లో ఇలాంటి ముఖం ఒక్కటీ గుర్తుకు రాలేదు.

టీచర్ నిత్య కాళ్ళకు కట్టిన గజ్జెలు విప్పడం మొదలుపెట్టారు. విప్పుతూనే, "నాకు చెప్పావు. మంచి పని చేశావు. ఇప్పుడు నేను అమ్మానాన్నల్ని పిలుస్తాను. నువ్వు నా పక్కనే ఉంటావు. సరేనా?" అన్నారు. నిత్య ఏడవలేదు. "వాళ్ళు మ్యాడ్ అవుతారు" అంది. "అవుతారు. అయినా పిలుస్తాను" అన్నారు టీచర్. తర్వాత మేఘనకు ఫోన్ చేశారు. మేఘన చిన్నప్పుడు ఆవిడ దగ్గరే నేర్చుకుంది, ఇప్పుడు కౌంటీ ఆరోగ్య శాఖలో నర్సు. నేను లేచి వెళ్ళబోతే టీచర్ నిత్యను అడిగారు, "రిపోర్టర్ గారు ఉండొచ్చా?" అని. "అంకుల్ ఓకే" అంది. ఉండిపోయాను.

శైలజ, రవికిరణ్ నవ్వుతూ వచ్చారు. "టీచర్, వేదిక డెకరేషన్ ఫైనల్ అయింది, ఫోటో చూడండి" అంటూ రవికిరణ్ ఫోన్ చాచాడు. టీచర్ ఫోటో చూసి, బాగుందని చెప్పి, ఇద్దర్నీ కూర్చోబెట్టారు. జరిగింది జరిగినట్టు చెప్పారు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు.

శైలజ ముఖం ఎర్రబడింది. "టీచర్, అది జస్ట్ పెయిన్‌కిల్లర్ అండి. మా అత్తగారి మోకాలి ఆపరేషన్‌కి హైదరాబాద్‌లో డాక్టర్ రాసిచ్చినవే. నేను హాఫ్ ఇచ్చాను, అంతే. ఇక్కడ డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకాలంటే ఎన్నాళ్ళు పడుతుందో మీకు తెలుసు కదా. మనందరం ఇండియా నుంచి తెచ్చుకుంటాం. నేనూ వేసుకుంటాను."

"అవునమ్మా, నేనూ తెచ్చుకుంటాను" అన్నారు టీచర్.

"నిత్య అలాంటి పిల్ల కాదు" అన్నాడు రవికిరణ్. "గ్రేడ్స్ చూడండి. పార్టీలకి వెళ్ళదు. స్కూలు, ఇల్లు, ఇక్కడికి. ఇంకెక్కడికి వెళ్తుంది?"

"నాన్నా, అమ్మ ఇచ్చింది కదా" అంది నిత్య మెల్లగా. "అమ్మ ఇచ్చింది కాబట్టి సేఫ్ అనుకున్నా. నెక్స్ట్‌ది కూడా సేమ్ కదా అనుకున్నా."

శైలజ కూతురి వైపు చూసి, చూపు తిప్పుకుంది. అప్పుడే మేఘన వచ్చింది. చేతులకు తొడుగులు వేసుకుంది. మాత్ర అంచు కొంచెం గీకి, ఆ పొడిని కాగితం కప్పులో నీళ్ళలో కలిపింది. కల్తీ ఉందేమో చూసే సన్నటి కాగితపు పట్టీ ఒకటి అందులో ముంచి, తీసి, బల్ల మీద పరిచింది. కరోనా రోజుల్లో ఇంటింటా ముక్కులో పుల్ల పెట్టుకుని చూసుకున్నవాళ్ళమే అందరమూ. చెప్పకుండానే అందరం పట్టీ మీదకు వంగాం. తడి మెల్లగా పైకి పాకింది. ఎర్రటి గీత ఒకటి తేలింది. రెండోది వస్తుందేమోనని చూశాం. రాలేదు.

శైలజ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "హమ్మయ్య. ఒక్క గీతే. నెగటివ్" అంది. రవికిరణ్ కుర్చీలో వెనక్కి వాలాడు. నేనూ ఊపిరి వదిలాను. ఆ కాసేపూ ఆ గ్యారేజీలో అందరం బతికిపోయామనే అనుకున్నాం.

మేఘన వంగి పట్టీని ఇంకోసారి చూసింది. తర్వాత శైలజ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అమెరికా యాసతో ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పింది. "కాదు ఆంటీ. ఇది కోవిడ్ టెస్ట్‌కి రివర్స్. టూ లైన్స్ అంటే లేదు. వన్ లైన్ అంటే ఉంది. ఇందులో ఫెంటనిల్ ఉంది, చాలా స్ట్రాంగ్ మత్తుమందు. ఎంత ఉందో ఇది చెప్పదు. కానీ నిత్య సైజు పిల్లకి కొంచెం చాలు, బ్రీదింగ్ ఆగిపోతుంది."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చాలా గదుల్లో చాలా చెడు కబుర్లు చెప్పడం చూశాను. ఇలాంటిది మాత్రం చూడలేదు. సంతోషపడిన ముఖాల మీద ఆ సంతోషం ఇంకా అలాగే ఉండిపోయింది, దాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. శైలజ నోరు కొంచెం తెరుచుకునే ఉంది. నిత్య ఆ పట్టీ వైపు చూస్తూ, "నేను ఇవాళ వేసుకునేదాన్ని" అంది. ఎవరితోనూ కాదు. "ఈవెనింగ్ వేసుకునేదాన్ని."

ఆ తర్వాత రవికిరణ్ అన్న మాట నన్ను అంతకంటే ఎక్కువ కుదిపింది. అతను మంచి మనిషి, కూతురంటే ప్రాణం. మెదడు మొద్దుబారినప్పుడు మనిషి చేతికి దొరికిన పాత ఆలోచననే పట్టుకుంటాడని ఇప్పుడు అర్థమవుతుంది. అతను ముఖం తుడుచుకుని, "టీచర్, డాక్టర్ దగ్గరకి వెంటనే తీసుకెళ్తాం. కానీ ప్రోగ్రాం... రెండు వారాలే కదా. అందర్నీ పిలిచేశాం. అది అయిపోయాక పూర్తిగా దీని మీదే ఉంటాం" అన్నాడు.

"ప్రోగ్రాం లేదు బాబూ" అన్నారు టీచర్.

"మరి ఏం చెప్పమంటారు అందరికీ?"

"టీచర్‌కి కుదరలేదని చెప్పండి. పిల్ల ఇంకా తయారవలేదని టీచర్ అన్నదని చెప్పండి. నా మాటగా చెప్పండి." శైలజ ఏదో అనబోతే ఆపి, "దాని పేరు ఎక్కడా రాకూడదు. నా పేరే రానివ్వండి. నాకు పెళ్ళి చెయ్యాల్సిన వయసు దాటిపోయిందిలే" అన్నారు. 

వాళ్ళు ఆ సాయంత్రమే డాక్టర్ దగ్గరకు వెళ్ళారు. వాద్యకారులు మృదంగం తీసుకుని వచ్చి, తాళం వేసిన గ్యారేజీ చూసి వెనక్కి వెళ్ళారు. మర్నాటి నుంచి తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపుల్లో కబుర్లు మొదలయ్యాయి. ఆవిడకు అహంకారమని ఒకరు. డబ్బు దగ్గర తేడా వచ్చిందని ఒకరు. పిల్ల తనకంటే బాగా చేస్తోందని ఓర్వలేకపోయిందని ఇంకొకరు. నాయనమ్మా తాతగారూ అంతదూరం నుంచి వస్తే ఆ పిల్లను ఏడిపించిందని అందరూ. నెల తిరక్కుండా సగం మంది పిల్లలు వేరే బడులకు వెళ్ళిపోయారు. చదువుకున్నవాళ్ళు, మంచీ చెడూ తెలిసినవాళ్ళు అన్న మాటలవి. 

ఒక శనివారం, పిల్లలు తక్కువగా ఉన్న ఆ గ్యారేజీలో, "నేను రాస్తానండీ. పేర్లు లేకుండా రాస్తాను" అన్నాను.

"పేర్లు లేకపోతే మాత్రం? ఏ రంగప్రవేశం ఆగిందో ఊరందరికీ తెలుసు."

"మీరు చేసిందేమిటో జనానికి తెలియాలి కదా."

"రిపోర్టర్ గారూ, మీకది వార్త. నాకు పిల్ల" అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు నేను.

ఆవిడ చేసింది ఇంకొకటి ఉంది. మిగిలిన పిల్లల తల్లిదండ్రులందర్నీ ఇక నుంచి కార్లలో కాకుండా లోపల కూర్చోమన్నారు. సూట్‌కేసుల్లో ఇండియా నుంచి వచ్చి, అరల్లో, హ్యాండ్‌బ్యాగుల్లో మిగిలిపోయిన మందులన్నీ తెమ్మన్నారు. మందుల షాపులో పాత మందులు వేసే పెట్టెలో వేసి వద్దామన్నారు. చాలామంది విడ్డూరంగా చూశారు. "నాట్యం టీచర్‌కి మా మందులతో ఏం పని?" అని ఒకాయన నా ముందే అన్నాడు. ఆ వారం మొదటి సంచీ పట్టుకుని వచ్చింది శైలజ. కారణం ఎవరికీ చెప్పలేదు. సంచీ నేల మీద పెట్టి, ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చి కూర్చుంది, కూతురు రాని రోజుల్లో కూడా.

నిత్యకు బాగవడానికి చాలాకాలం పట్టింది. మందులు, కౌన్సెలరు, స్కూలు మానిన వారాలు. మధ్యలో వెనక్కి పడిన రోజులూ ఉన్నాయని తర్వాత తెలిసింది. టీచర్ ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి ఆ పిల్లతో నడిచేవారు. ఏం మాట్లాడుకునేవారని అడిగితే, "ఏమీ లేదు, నడిచేవాళ్ళం" అనేవారు. రంగప్రవేశం మాట మళ్ళీ ఎవరూ తేలేదు.

ఈ వసంతంలో టీచర్ గుండెపోటుతో పోయినప్పుడు ఆ గ్యారేజీలోనే సంస్మరణ పెట్టారు. పాత విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు వచ్చారు. విడిచి వెళ్ళినవాళ్ళు కూడా వచ్చారు. ఒక పెద్దావిడ మాట్లాడుతూ, మంచిగానే, "టీచర్‌కి కోపం ఎక్కువ. ఒకసారి రెండు వారాల ముందు రంగప్రవేశం కాన్సిల్ చేసి అందర్నీ బాధపెట్టారు. కానీ మనసు మంచిది" అంది. కొందరు తలలూపారు. వెనక వరసలోంచి నిత్య లేచింది. ఇప్పుడు కాలేజీ చివరి సంవత్సరం. పక్కన కూర్చున్న శైలజ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆపడానికని అనుకున్నాను. తనూ లేచి నిలబడింది.

"అది నా రంగప్రవేశం" అంది నిత్య. "టీచర్‌కి కోపం వచ్చి ఆపలేదు. నేను డ్రగ్స్ తీసుకుంటున్నా. ఆ రోజు నా బ్యాగ్‌లో ఫెంటనిల్ ఉంది. టీచర్ అడగకపోతే ఆ సాయంత్రం నేను చచ్చిపోయేదాన్ని. మీరందరూ టీచర్‌ని తిట్టారు. టీచర్ ఎవరికీ చెప్పలేదు, నా కోసం." తల్లి వైపు చూసింది. "సారీ, నా తెలుగు బాగా రాదు. కానీ ఇది తెలుగులో చెప్పాలనుకున్నా."

"మొదటి మాత్ర ఇచ్చింది నేను" అంది శైలజ. ఇద్దరూ కూర్చున్నారు. తిట్టినవాళ్ళలో కొందరు అక్కడే ఉన్నారు.  ఒకాయన చేతిలో ప్రసాదం కప్పు పట్టుకుని, దాన్ని కింద పెట్టాలో నోట్లో పెట్టుకోవాలో తెలియనట్టు ఉండిపోయాడు. ఆ తర్వాత ఎవరూ ప్రసంగించలేదు. నిత్య బయటికి వెళుతూ నా దగ్గర ఆగి, "అంకుల్, ఇప్పుడు రాయొచ్చు" అంది. అందుకే రాస్తున్నాను.

ఆవిడ నుంచి నాకు మిగిలింది నాట్యం కాదు, దాని గురించి నాకు ఇప్పటికీ పెద్దగా తెలియదు. మిగిలింది ఒక అలవాటు. ఇంట్లో, బంధువుల ఇళ్ళలో, ఎవరు ఏ మాత్ర చేతికిచ్చినా అదేమిటో చదవందే వేసుకోను. పిల్లల్ని ఏదైనా అడగాలంటే ఎదురుగా కూర్చోను, పక్కన కూర్చుంటాను. అడిగాక ఆగుతాను. హాసినితో ఇలా ఆగడం మొదలుపెట్టిన కొత్తలో నా దవడలు నొప్పి పెట్టేవి. ఆ పిల్ల ఏమీ చెప్పని రోజులే ఎక్కువ. చెప్పిన రోజులు మాత్రం, నేను ఎంత తెలియని మనిషినో తెలిసేది.

సంస్మరణ అయ్యాక నా కారు దగ్గరకు వెళుతుంటే ఒకాయన వెనకాలే వచ్చాడు. మునుపు చూసిన గుర్తు లేదు. "అండీ, మీరు టీచర్‌కి బాగా తెలుసట కదా" అన్నాడు. ఇంకా ఏదో చెప్పాలని వచ్చి, తాళం చెవులు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. నేను కారు తలుపు పట్టుకుని ఆగాను. "మా అమ్మాయి నాలుగైదు నెలలుగా... అంటే ఏమీ లేకపోవచ్చు. స్ట్రెస్సే కావచ్చు. కానీ ఎలా అడగాలో తెలియడం లేదు."

"పక్కన కూర్చుని అడగండి. తర్వాత మాట్లాడకండి" అన్నాను.

"చెప్పకపోతే?"

"అప్పుడూ పక్కనే కూర్చోండి."

ఆయన తల ఊపి, రోడ్డుకు అవతల ఆపిన కారు వైపు నడిచాడు. ముందు సీట్లో పదిహేనేళ్ళ అమ్మాయి కిటికీకి తల ఆనించుకుని ఉంది. ఆయన డ్రైవింగ్ సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. పెదవులు కదలడం అద్దంలోంచి కనిపించింది. తర్వాత కదలలేదు. సంస్మరణకు వచ్చినవాళ్ళ కార్లు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. నేను నా కారులో కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఆయన రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి, ఇంజన్ మాత్రం స్టార్ట్ చెయ్యలేదు. చాలాసేపటికి ఆ అమ్మాయి కిటికీ మీంచి తల ఎత్తి, తండ్రి వైపు తిరిగింది.